దివిటీ ఆర్పేసిన శనివారం

ఆ వానాకాలం మా ఇంట్లో కిడ్నీ గురించి కంటే దివిటీ గురించే ఎక్కువగా మాట్లాడుకున్నాం.

దివిటీ అంటే ఒక మనిషి. టీవీలో ‘తొమ్మిది బురుజులు’ అనే సిరీస్ వచ్చేది, అందులో పాత్ర. ఆమెకు నోరు తిరగని పేరేదో ఉండేది కానీ, చేతిలో ఎప్పుడూ దివిటీ ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళంతా దివిటీ అనే అనేవాళ్ళు. కొండల మధ్య ఒక కోట. చీకటి పడితే కోట చుట్టూ నీడలు తిరుగుతాయి. అవి తాకిన మనిషి మళ్ళీ లేవడు. చివరి బురుజు మీద దివిటీ వెలుగుతున్నంతసేపూ అవి గోడ దాటవు. ఆరు సీజన్లపాటు ఆ పిల్ల ఆ బురుజు దిగలేదు. జ్వరం వచ్చినా దిగలేదు, తల్లి పోయినా దిగలేదు.

మా తమ్ముడికి ఆమె అంటే ప్రాణం. వాడు లిఫ్టు మెకానిక్. ఇరవై ఆరేళ్ళకే రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటి వరకు డయాలిసిస్. నేను ఒక లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతపెట్టే పనిలో ఉండేదాన్ని. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కి పన్నెండింటికి దిగి, వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని. మిగతా రోజుల్లో వాడు సోఫాలో కూర్చుని ‘తొమ్మిది బురుజులు’ అభిమానుల గ్రూపులో రాసేవాడు. అక్కడ వాడి మాటకి విలువుండేది. రెండో సీజన్ నాలుగో భాగంలో దివిటీ ఏ చేత్తో నిప్పు పట్టుకుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

వార్డులో కిటికీ పక్కన మూడు మంచాలు. ఒకటి తమ్ముడిది. ఒకటి రిటైరైన బస్సు డ్రైవరుది. తమ్ముడు ఆయన్ని బాబాయ్ అనేవాడు, ఆయన వీణ్ణి ‘లిఫ్టూ’ అనేవాడు. మూడోది లెక్కల టీచరమ్మది. ఆవిడ ఒక చేతికి సూదులుండగానే రెండో చేత్తో పరీక్ష పేపర్లు దిద్దేది. ఏడో సీజన్, అదే ఆఖరిది, ఆ వానల్లో మొదలైంది. మొత్తం ఎనిమిది భాగాలు, వారానికొకటి, శుక్రవారం వచ్చేది. సిస్టర్ ఒక నియమం పెట్టింది. శుక్రవారం ఎవరూ చూడకూడదు, శనివారం వార్డు టీవీలో అందరూ కలిసి చూడాలి, ముందే చూసి నోరు జారినవాళ్ళకి ఆ రోజు ఐసుముక్క లేదు. నీళ్ళు కొలిచి తాగేవాళ్ళకి ఐసుముక్కంటే సామాన్యమా. ఎవరూ నోరు జారలేదు.

వాడికి నా కిడ్నీ ఇవ్వాలని అంతకుముందే తేలింది. తేలింది అని ఎందుకంటున్నానంటే, నన్నెవరూ అడగలేదు. అమ్మకి షుగరు, పనికిరాదన్నారు. “ఇంట్లో ఇంకెవరున్నారు?” అని డాక్టరు అడిగితే “అక్క ఉందిగా” అంది అమ్మ. నేను పక్కనే ఉన్నాను. తల ఊపాను. ఊపకుండా ఎలా ఉంటాను. సాయంత్రానికల్లా ఎదురింటివాళ్ళక్కూడా తెలిసిపోయింది, మా పెద్దది బంగారమని.

నాలుగు వారాలు పరీక్షలు చేశారు. ఫారాల్లో ఫోన్ నంబరు అడిగిన ప్రతిచోటా తమ్ముడి నంబరే రాశాను. లాండ్రీలో ఫోన్ దగ్గర పెట్టుకోనివ్వరు. రక్తం కలిసింది, అన్నీ కలిశాయి. ఆఖరున స్కాన్. నరంలోకి మందు ఎక్కిస్తాం, ఒళ్ళు వెచ్చబడుతుంది, కంగారుపడకండి అన్నారు. మందు ఎక్కింది. గొంతు దగ్గర మొదలై, పొట్ట మీదుగా నడుముదాకా వేడి పాకింది. అంతవరకు కిడ్నీ అనేది నాకొక మాట. తువ్వాలు ఇవ్వు, కిడ్నీ ఇవ్వు. ఆ యంత్రంలో పడుకుని ఉండగా మొదటిసారి అది నాదైంది. నడుము వెనక, ఎడమవైపు, నాది. బయటికొచ్చాక బట్టలు మార్చుకునే గదిలో చెయ్యి అక్కడే ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు లాండ్రీలో దుప్పటి మడతపెడుతుంటే ఎదురు కొసలు పట్టుకున్నావిడ “కొసలు మాటిమాటికీ వదిలేస్తున్నావేంటి?” అంది.

“ఆవిరి పడక” అన్నాను. ఆరేళ్ళుగా ఆ ఆవిరిలోనే పనిచేస్తున్నాను.

ఇచ్చేవాళ్ళని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడాలని ఆసుపత్రిలో ఒక రూలుంది. బుధవారం నన్ను పిలిచారు. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. లేడీ డాక్టరుది నా వయసే ఉంటుంది. తలుపు వేసి, నా ఫైలు ముందుపెట్టుకుని అడిగింది.

“ఇది మీ ఇష్టంతోనే చేస్తున్నారా?”

“ఔనండీ.”

“ఎవరూ బలవంతపెట్టలేదు కదా?”

“లేదండీ.”

ఆవిడ రాయలేదు. పెన్ను కింద పెట్టి, “ఇవ్వాలని ఉందా?” అంది.

ఏమీ పెద్ద ప్రశ్న కాదు. కిటికీ అద్దం మీద వాన నీళ్ళు కారుతున్నాయి. అవతల ఎవరో గొడుగు విదిలిస్తున్నారు. ఉందండీ అనడానికి నోరు తెరిచాను, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నిద్దామని ఊరుకున్నాను. ఆవిడ ఫైలు మూసేసింది.

“దాతగా సరిపోరని రాస్తాం. ఎందుకన్నది రాయం. మీరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.”

“మరి మా తమ్ముడు?”

“మెషిన్ ఉంది. అవయవదానం లిస్టులో పేరుంది. ఎదురుచూస్తాడు.”

లేచి నిలబడి “థాంక్సండీ” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

బయట అమ్మ లేచి నిలబడింది. సరిపోదట అని ఊరుకుంటే సరిపోయేది. “నా ఎడమ కిడ్నీకి రక్తనాళం సరిగ్గా లేదట” అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట. అమ్మ మొహం పాలిపోయింది. “నీక్కూడానా” అంది.

ఇంటికెళ్ళి తమ్ముడికీ అదే చెప్పాను. వాడు ఫోన్‌లోంచి తలెత్తి నావైపు చూశాడు. “నీకేం ప్రమాదం లేదు కదా?” అన్నాడు.

“లేదట.”

“మరింకేం. పోనీలే అక్కా” అని మళ్ళీ ఫోన్‌లోకి తల వంచాడు.

మర్నాటి నుంచి అమ్మ నాకూ ఉప్పు మానేసింది. అప్పటిదాకా వాడికి విడిగా వండేది, ఇప్పుడు ఒకే గిన్నె. టమాటాలు బంద్, అరటిపండు బంద్. “ఇద్దరు పిల్లల్నీ ఇలాగే కన్నానేంటో” అని గొణుక్కుంటూ చప్పిడి కూర నా కంచంలో వేసేది. నేను తినేదాన్ని. ఏమని కాదంటాను?

ఆ శనివారమే ఐదో భాగం.

అందులో కోట లోపల అందరూ పాడుతుంటారు. యుద్ధం దాదాపు గెలిచినట్టే. ఇంకొక్క రాత్రి గడిస్తే చాలు. దివిటీ బురుజు మీద ఒంటరిగా ఉంటుంది. కిందికి చూస్తుంది. కింద ఒక్కరూ తలెత్తరు. ఆమె దివిటీని మొహం దగ్గరికి తెచ్చుకుంటుంది, చెవిలో రహస్యం చెప్పబోయినట్టు. ఊదేస్తుంది. ఏడుపు లేదు, ఆవేశం లేదు, ఒక్క మాట లేదు. వెనకవైపు మెట్లు దిగి నడిచి వెళ్ళిపోతుంది. వెనక పాట ఆగిపోయి అరుపులు మొదలవుతాయి. అంతటితో భాగం అయిపోయింది.

టీచరమ్మ చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఆగిపోయింది.

“ఇదేం రాత” అంది చివరికి. “ఆరు సీజన్లు చక్కగా చేసుకొచ్చిన లెక్కకి ఆఖరి మెట్టులో తప్పు జవాబేశారు. ఆ పిల్ల అలా చేసే మనిషి కాదు. ఎక్కడా ఒక్క గుర్తు లేదు. త్వరగా ముగించాలని రాసిపారేశారు.”

“గుర్తెందుకమ్మా?” అన్నాడు డ్రైవర్ బాబాయ్. “అలసిపోయింది.”

“అలసిపోతే ఇంకొకరికిచ్చి దిగాలి బాబాయ్” అన్నాడు తమ్ముడు. వాడి గొంతు మామూలుగా లేదు. “ఊదెయ్యడమేంటి?”

“ఎవరికిస్తుంది? ఇన్నాళ్ళలో ఒక్కడన్నా మెట్లెక్కి, అమ్మా, నీకిది పట్టుకోవాలని ఉందా అని అడిగాడా? ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు తోలాను లిఫ్టూ. వందసార్లు అనిపించింది, బండి రోడ్డు మధ్యలో ఆపేసి, దిగి, నా దారిన నేను పోవాలని.”

“దిగారా?”

“దిగలేదు. దిగనందుకు నన్ను దేవుణ్ణి చెయ్యకు, దిగినందుకు దాన్ని దెయ్యాన్ని చెయ్యకు. రెంటికీ మధ్య ఒక్క అడుగే తేడా.”

“ఎంత తేడానో బస్సులో కూర్చున్నవాణ్ణి అడగండి” అన్నాడు తమ్ముడు.

వాడి మెషిన్ కూత పెట్టింది. సిస్టర్ వచ్చి బీపీ చూసి, “కథల మీద ఇంత కోపమైతే టీవీ పీకేయిస్తా” అంది. నేను వాడి కాళ్ళ మీద దుప్పటి సర్దాను. అది సరిగ్గానే ఉంది.

వాడి గ్రూపులో నేను కూడా ఉండేదాన్ని, ఎప్పుడూ ఏమీ రాయకుండా. ఆ వారం గ్రూపు రెండు ముక్కలైంది. రాసినవాళ్ళది తప్పని కొందరు, కోటవాళ్ళ పాపం పండిందని కొందరు. దివిటీ పేరు పిల్లలకి ముద్దుపేరుగా పెట్టుకున్నవాళ్ళు ఇప్పుడేం చెయ్యాలని లబోదిబోమన్నారు. ఒకావిడ ఇంకా దివిటీకే ఓటు అని రాస్తే మూడొందలమంది ఆవిడ మీద పడ్డారు. ఆ మూడొందలమందికీ ముందు మా తమ్ముడు.

సాధారణంగా వాడు ఎవర్నీ నొప్పించేవాడు కాదు. ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నాడు. లాండ్రీ మెట్ల మీద విరామంలో కూర్చుని చదివేదాన్ని. ఒకటి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘ఆమెకి భయం వేసి ఉండొచ్చు. తప్పులేదు. ఒక్కసారి కిందికి దిగి, నాకు భయంగా ఉంది, నావల్ల కాదు అని చెప్పి ఉంటే కోటవాళ్ళు వేరే దారి చూసుకునేవాళ్ళు. చెప్పలేదు. నవ్వు మొహంతో నిలబడి, ఇవ్వాల్సిన రాత్రి ఊదేసింది. ఆర్పడం కాదు, ఆ చెప్పకపోవడం నేను క్షమించను.’

దివిటీ గురించే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరం.

ఆరో శనివారం డ్రైవర్ బాబాయ్ కాస్త నీరసంగా ఉన్నాడు. అయినా ఊరుకోలేదు. “ఏం లిఫ్టూ, కోపం దిగిందా? పాపం ఆ పిల్ల అడవిలో వానలో తడుస్తోంది చూడు.”

“తడవనివ్వండి.”

“అంత రాయివేంట్రా?”

తమ్ముడు ఆయనవైపు తిరిగాడు. “ఆమెని మీరింతగా వెనకేసుకొస్తున్నారంటే, మీరూ ఎప్పుడో ఎవర్నో వదిలేసి వచ్చే ఉంటారు.”

టీచరమ్మ పేపర్లలోంచి తలెత్తింది. ఆయన పైకప్పు చూస్తూ, “ఉంటాను” అన్నాడు. వెళ్ళేటప్పుడు వాడి మంచం దగ్గర ఆగి, కాళ్ళ మీద ఒకసారి తట్టి వెళ్ళిపోయాడు.

మంగళవారం ఆయన మంచం మీద ఎవరో కొత్తాయన ఉన్నాడు. “బాబాయ్ టైము మార్చుకున్నాడా?” అని తమ్ముడు అడిగితే సిస్టర్ సూది గుచ్చి, గొట్టాలు బిగించి, టేపు అంటించాక, “ఆదివారం పోయాడు. నిద్రలోనే” అంది.

తమ్ముడు కిటికీవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యలో ఎప్పుడో “సారీ చెప్దామనుకున్నా అక్కా” అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాను. వాడు దాన్ని తీసెయ్యలేదు.

ఆ రోజే గ్రూపువాళ్ళు వాణ్ణి తీసేశారు, ముక్కూ మొహం తెలియని మనుషుల్ని తిడుతున్నాడని. వాడు పట్టించుకోలేదు. ఏడో భాగం వార్డు టీవీలో నడుస్తుంటే మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు.

ఆ తర్వాతి బుధవారం మధ్యాహ్నం ముగ్గురం భోజనం చేస్తున్నాం. అమ్మ నావైపు తిరిగి, “సోమవారం సెలవు పెట్టు. పెద్దాసుపత్రిలో నీ పేరు రాయించాను” అంది.

“ఎందుకూ?”

“ఎందుకేంటే? నాళం సరిగ్గా లేదని చెప్పి పంపిస్తే గాలికొదిలేస్తామా? వీణ్ణి కూడా అలాగే చిన్న వాపే కదా అని వదిలేశాం. మళ్ళీ స్కాన్ తీయిస్తాను. అవసరమైతే ఆపరేషనే చేయిస్తాను. ఇద్దర్నీ మెషిన్ల మీద చూసే ఓపిక నాకు లేదు.”

స్కాన్ తీస్తే తెలిసిపోతుంది. తియ్యొద్దంటే ఎందుకంటుంది. నీళ్ళ గ్లాసు అందుకున్నాను, చెయ్యి తగిలి ఒలికింది.

“అవసరం లేదమ్మా” అన్నాడు తమ్ముడు. వాడు తలెత్తలేదు, కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాడు. “రిపోర్టులన్నీ నేను చూశాను. అక్కకి ఏ ప్రమాదమూ లేదు. నాకివ్వడానికి పనికిరాదు, అంతే. సోమవారం రద్దు చేయించు. నీ కంటే నాకే ఎక్కువ తెలుసు ఈ కిడ్నీల సంగతి.”

“నిజంగానా?”

“నిజంగా. దానికి ఉప్పు కూడా వెయ్యి. బాగా చిక్కిపోయింది.”

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను ఒలికిన నీళ్ళు తుడిచాను. తుడిచిందే తుడిచాను.

శనివారం ఆఖరి భాగం. కొత్తాయన కూడా తల తిప్పి చూశాడు. టీచరమ్మ ఆ రోజు పేపర్లు తెచ్చుకోలేదు. తమ్ముడు మాత్రం తువ్వాలు తియ్యలేదు. అయిపోయాక సూదులు తీసి, పట్టీలు వేసి, బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. రక్తం ఆగేదాకా పావుగంట ఆ దూది నొక్కి పట్టుకోవాలి. ఎప్పుడూ నేనే పట్టుకునేదాన్ని. వాన వెలిసింది. కారిడార్‌లో ఎవరో నేల తుడుస్తున్నారు.

“చివరికి ఏం చేశారు దాన్ని?” అన్నాడు తమ్ముడు.

“తెల్లారాక తిరిగొచ్చింది. కోటలో కొందరు బతికారు. తలుపు కొట్టకుండా గుమ్మం బయట కూర్చుంది. లోపలివాళ్ళకి తెలుసు ఆమె అక్కడుందని. తలుపు తీశారో లేదో చూపించలేదు.”

“రాసినవాళ్ళు తెలివైనవాళ్ళు” అన్నాడు.

వాడి చేతిలో డయాలిసిస్ కోసం కలిపి కుట్టిన నరం నా వేళ్ళ కింద జుమ్ముమంటోంది, లోపలేదో చిన్న మోటారు తిరుగుతున్నట్టు.

“రిపోర్టులు ఎప్పుడు చూశావు?” అన్నాను.

“ఏ రోజువి ఆ రోజే. నా నంబరే ఇచ్చావుగా. స్కాన్‌ది బుధవారం పొద్దున్నే వచ్చింది. రెండూ చక్కగా ఉన్నాయని రాసుంది. చూసి గంతులేశాను.” చేతి పట్టీ కొస సర్దుకున్నాడు. “మధ్యాహ్నం నువ్వు వచ్చి చెప్పావు.”

నేల తుడిచేవాళ్ళు మా కాళ్ళ దగ్గరికొస్తే ఇద్దరం కాళ్ళు పైకెత్తి, మళ్ళీ దించాం.

“గ్రూపులో నువ్వు రాసినవన్నీ, దివిటీ గురించేనా?”

వాడు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నాలుగో సీజన్ గురించి ఎవరో అడిగినప్పుడు ఆలోచించినట్టు.

“చాలావరకు” అన్నాడు.

“నాకు భయమేసింది రా.”

“తెలుసు.” దూది మీదున్న నా చెయ్యి కొద్దిగా పక్కకి జరిపి, సరైన చోట పెట్టాడు. “అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు.”

మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోవడం అదే మొదలు, అదే చివర. ఆ తర్వాత నాలుగేళ్ళు మంగళ, గురు, శనివారాలు నేనే తీసుకెళ్ళాను. రెండుసార్లు ప్రాణం మీదికొచ్చింది. ఆ రెండుసార్లూ ఐసీయూ బయట నిలబడి, ఇప్పుడు లోపలికెళ్ళి ఇస్తానంటే తీసుకుంటారా అనుకున్నాను. అనుకున్నానే గానీ వెళ్ళలేదు. ఆ మాట కూడా ఇక్కడ రాయాలి. ఐదో ఏడు ఒక పొద్దున లిస్టు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎక్కడో ఎవరో ప్రమాదంలో పోయారు, వాళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పుడు వాడు లిఫ్టుల కంపెనీలో, బరువులెత్తక్కర్లేని పనిలో ఉన్నాడు. కొత్త సిరీస్‌లు చూస్తాడు. గ్రూపుల్లో మాత్రం చేరడు.

లేని మనిషి గురించి లోకమంతటితో పోట్లాడినవాడు నాతో ఒక్కసారీ పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

ఆ కిడ్నీ ఎవరిదో మాకు చెప్పలేదు. అమ్మ మాత్రం రోజూ పొద్దున తమ్ముడు మాత్ర వేసుకునేటప్పుడు, “ఆ ఇచ్చినవాళ్ళ ఇల్లు చల్లగా ఉండాలి. కన్నవాళ్ళు కూడా అంత చెయ్యలేరు” అంటుంది. అని ఊరుకోదు, “ఔనా కాదా చెప్పవే” అని నన్నడుగుతుంది. ఔనమ్మా అంటాను. అప్పుడు తమ్ముడు కుర్చీలోంచి లేచి, గ్లాసు కడగాలన్న నెపంతో వంటగదిలోకి వెళ్ళిపోతాడు. నేను ఔనని చెప్పడం పూర్తయ్యేదాకా కుళాయి కట్టెయ్యడు.